నడకను చూసి చెప్పిన సాక్ష్యం

తామ్రగిరి రాజ్యంలో రాజుగారి కోట కన్నా ఎత్తైన కట్టడం ఒక్కటే ఉండేది. అది న్యాయపీఠం. ఎర్రకొండను నిలువునా తొలిచి, స్తంభాలకు పగడపు పువ్వులు పొదిగి, కప్పుకు నీలాలు తాపిన మహామండపం అది. తూర్పు గవాక్షాల్లోంచి పొద్దుటెండ పడితే నేలంతా కుంకుమ ఆరబోసినట్టు మెరిసేది. అక్కడ చదువు ముగించినవాడు రేపు ఏ సంస్థానంలోనైనా ధర్మాధికారి కాగలడు. అందుకే మంత్రుల మనవళ్లు, సేనాపతుల మేనల్లుళ్లు తప్ప ఆ మెట్లు ఎక్కినవాళ్లు లేరు. ఆ ఏడు మాత్రం ఒక పగటివేషగాడి కొడుకు ఎక్కాడు. అతని పేరు సూరన్న.

పగటివేషగాడంటే తెలుసు కదా! పట్టపగలు దొరలాగో దొంగలాగో వేషం కట్టి వీధిలోకొచ్చి, జనాన్ని నిజమేనని నమ్మించి, ఆనక నవ్వించి, చేటెడు బియ్యం పుచ్చుకుని పోయేవాడు. సూరన్న తండ్రి ఓబయ్య ఆ విద్యలో అందెవేసిన చెయ్యి. అలాంటి ఇంటి బిడ్డ న్యాయపీఠంలో కాలు పెట్టడమేమిటని పెద్దలు గోల చేస్తే పీఠంలో పాఠం చెప్పే విశ్వంభరాచార్యులు ఒక్క కసురు కసిరాడు. "వేషం కట్టడం తెలిసినవాడికి ఎదుటివాడి వేషం విప్పడమూ తెలుస్తుంది. మీకా తెలివి లేదు. ఊరుకోండి!" అన్నాడు. ఆయన నోటికి జడిసి ఇంకెవరూ నోరెత్తలేదు.

ఆ ఉదయం కొత్త విద్యార్థులకు సాక్ష్యపాఠం మొదలైంది. ఆచార్యులు వచ్చి పులితోలు మీద కూర్చున్నాడు. ఆయన తెల్లటి మీసం చివర ఏదో అంటుకుని ఉంది. పిల్లలు ఒకరినొకరు గిల్లుకుంటున్నారు.

"ఏమిటా నవ్వు? నేను పొద్దున ఏం తిన్నానో చెప్పండి చూద్దాం," అన్నాడు ఆచార్యులు.

సేనాపతి మనవడు లేచి, "పెరుగన్నం, ఆచార్యా! మీసానికి పెరుగంటింది," అన్నాడు.

"పెరుగు చూశావు. అన్నం ఎక్కడ చూశావురా? వస్తూ వస్తూ కవ్వం పట్టిన మా ఇల్లాలితో పోట్లాడి ఉండొచ్చుగా!"

మండపమంతా గొల్లున నవ్వింది. ఇంకొకడు లేచి, "మీరు రోజూ పెరుగన్నమే తింటారని మా మామ చెప్పాడు," అన్నాడు.

"అయితే మీ మామను పిలుచుకురా. ఆయన చూసింది ఆయనే చెప్పాలి. ఆయన చూసింది నువ్వు చెబితే అది ఊసుపోక కబురు, సాక్ష్యం కాదు." ఆచార్యులు మీసం తుడుచుకుని, నవ్వు ఆపి, అందరి ముఖాలూ కలయజూశాడు. "నాయనలారా! కన్ను చూసింది గోరంత, మనసు కలిపేది కొండంత. ఆ రెంటినీ విడదీయలేనివాడు సాక్షి కాడు. వాడి మాట నమ్మి ఎవరి ప్రాణమైనా తీస్తే ఆ పాపం మనది. అందుకే ఈ పాఠం ముందు పెట్టాను."

ఆ మాట పూర్తవుతుండగానే ఉత్తరపు తలుపు భళ్లున తెరుచుకుంది. నల్లరంగు, ఎర్రరంగు పూసిన ముఖంతో, తలపాగాలో నెమలీకలతో ఒక బందిపోటు లోపలికి దూకాడు. ఎడమ భుజం ముందుకు తిప్పి, చిన్నచిన్న అడుగులు గబగబా వేసి, కొంగ చేపను పొడిచినట్టు ఒక్క గెంతు గెంతి, ఆచార్యుల గుండెల్లో బాకు దించాడు. పిల్లలు కెవ్వుమని లేచేలోపల గవాక్షమెక్కి, తాడు పట్టుకుని, కొండ వెనక్కి జారి మాయమయ్యాడు. ఆచార్యులు పులితోలు మీద ఒరిగిపోయాడు.

కొత్తవాళ్లు గగ్గోలు పెడుతుంటే పాత విద్యార్థులు మాత్రం గోడవారగా నిలబడి ముసిముసిగా నవ్వుతున్నారు. నవ్వరా మరి? ఇది ఏటేటా జరిగే ఆటే. మొదటి పాఠం నాడు ఎవరో ఒక వేషగాడు వచ్చి ఆచార్యుణ్ణి పొడిచినట్టు నటిస్తాడు. ఆ వేషగాడెవరో ఆచార్యుడికి తప్ప ఎవరికీ తెలియదు. కొత్తవాళ్లను తలా ఒక స్తంభం దగ్గర నిలబెట్టి, చూసిందేమిటో చెప్పమంటారు. చెప్పిన ప్రతి మాటనూ పాతవాళ్లు కంఠస్థం చేస్తారు. ఆ పీఠంలో సాక్ష్యాన్ని రాయడం లేదు. తాటాకు మీది రాతను గోటితో చెరపవచ్చుగాని, నలుగురి నోట నిలిచిన మాటను చెరపలేరని వాళ్ల నమ్మకం. అన్నీ అయ్యాక ఆచార్యులు లేచి కూర్చుని, ఒకడు పొట్టివాడన్నాడనీ ఒకడు పొడుగువాడన్నాడనీ వరసగా వెక్కిరిస్తాడు.

సూరన్నకు ఆ ఆచారం సంగతి ఎవరూ చెప్పలేదు. కానీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్న నడక కదా, చూడగానే ఒళ్లు పులకరించింది. 'ఓరి మా అయ్యో! నాతో ఒక్కమాటైనా అనకుండా ఈ పీఠంలోనే వేషం కట్టాడే!' అనుకున్నాడు. తన స్తంభం దగ్గరికి పాత విద్యార్థులు వచ్చి అడగ్గానే పగలబడి నవ్వి, "ఎవరేమిటండీ! మా అయ్య ఓబయ్య! వచ్చాడు, ఆచార్యులను పొడిచాడు, పోయాడు. ఆ కొంగనడక ఈ భూమ్మీద ఇంకొకరికి వస్తే నా చెవి కోసిస్తా!" అన్నాడు. ఆ గొప్పలో ఎంత సంతోషం ఉందో చెప్పలేను.

కాలు జారితే తీసుకోవచ్చుగాని నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా?

ఆచార్యులు లేవలేదు. పాతవాళ్లు దగ్గరికి పోయి, "చాలు గురువుగారూ, లెండి," అని భుజం తట్టారు. పులితోలు కింద నెత్తురు మడుగు కట్టింది. ఎవరో బావురుమన్నారు. సూరన్న నవ్వు ముఖం మీదే గడ్డకట్టింది. పరుగెత్తుకెళ్లి ఆ పాదాలు పట్టుకున్నాడు. అవి అప్పటికే చల్లబడ్డాయి. తనను కొడుకులా చేరదీసిన మనిషి కళ్లు తెరిచే పోయాడు. పిల్లలంతా ఆ కాళ్ల దగ్గర కూలబడి ఏడుస్తుంటే ఓదార్చేందుకు కూడా అక్కడ పెద్ద దిక్కు లేకపోయింది.

భటులు కొండ వెనకకు ఉరికారు. అక్కడ వాగు పక్కన రంగు పూసిన ముఖంతోనే ఓబయ్య ఒళ్లెరగక నిద్రపోతూ దొరికాడు.

మర్నాడు ధర్మాధికారి మహానందుడు కొలువు తీర్చాడు. వెండి తోరణాల కింద, ఏనుగు దంతపు పీఠం మీద కూర్చున్నాడు. ఆయన ఎదురుగా రెండు రాళ్లు: ఒకటి సాక్షి ప్రమాణదీపం మీద చెయ్యి చాచి నిలబడే నల్లరాయి, రెండోది వాదించేవాడు నిలబడే తెల్లరాయి. సంకెళ్లతో ఓబయ్యను తెచ్చి నిలబెట్టారు. రంగు సగం కరిగి చెంపల మీద చారలు కట్టింది.

"ఆచార్యులు రమ్మంటే వచ్చినాను సామీ. వాగు కాడ ముస్తాబైనాను. దప్పికంటే ఎవరో మజ్జిగ ఇచ్చినారు. తాగినాను, నిద్ర పట్టింది. నాకు తెలిసిందింతే," అన్నాడు ఓబయ్య.

"మజ్జిగ ఇచ్చిందెవరు?"

ఓబయ్య తల వంచుకున్నాడు. "దారిన పోయేటోడు సామీ. మొగం గుర్తులేదు."

అప్పుడు పాత విద్యార్థులు నల్లరాతి మీదికెక్కి, తాము కంఠస్థం చేసిన సాక్ష్యాలు అప్పజెప్పారు. సూరన్న మాటల వంతు వచ్చింది. అక్షరం పొల్లుపోకుండా, గొంతులోని గర్వం పోకుండా, ఆ నవ్వుతో సహా అప్పజెప్పారు. "మా అయ్య ఓబయ్య! వచ్చాడు, ఆచార్యులను పొడిచాడు, పోయాడు!" ఆ నవ్వు కొలువంతా మోగింది. సూరన్నకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఓబయ్య మాత్రం కొడుకు వైపు తిరిగి, ఏం ఫరవాలేదులే అన్నట్టు తలాడించాడు.

"కన్నకొడుకే చెప్పాక ఇంకేం కావాలి?" అని ధర్మాధికారి నిట్టూర్చాడు. "శూలమెక్కించి కొరత వేయండి."

"ఆగండి ప్రభూ!" సూరన్న ముందుకు దూకాడు. "ఎదుటిపక్షం ప్రశ్నించని సాక్ష్యం చెల్లదని పీఠం ధర్మం. నా సాక్ష్యాన్ని ఎవరూ ప్రశ్నించలేదు."

"నీ తండ్రి పక్షాన వాదించేందుకు ఎవరూ రాలేదే!"

"నేనే వాదిస్తాను. నన్ను నేనే ప్రశ్నిస్తాను. తప్పని ఏ శాస్త్రంలో ఉందో చూపించండి."

కొలువులో కలకలం రేగింది. మహానందుడు కానిమ్మని చెయ్యి ఊపాడు. సూరన్న తెల్లరాయెక్కి ఖాళీగా ఉన్న నల్లరాతిని అడిగాడు: "సాక్షీ, ఆ బందిపోటు ముఖం చూశావా?" దిగి, నల్లరాయెక్కి, దీపం మీద చెయ్యి చాచి జవాబిచ్చాడు: "లేదు. రంగు చూశాను."

మళ్లీ తెల్లరాయి. "గొంతు విన్నావా?"

నల్లరాయి. "లేదు. అతను నోరెత్తలేదు."

"మరి ఓబయ్య అని దేన్ని బట్టి చెప్పావు?"

"నడకను బట్టి."

జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. పిచ్చివాడిలా అటూ ఇటూ తిరుగుతున్న ఆ కుర్రవాడిని చూసి ద్వారపాలకులు కూడా కళ్లు తుడుచుకున్నారు. సూరన్నలో ఆశ చిగురించింది. తెల్లరాతి మీంచి గట్టిగా అడిగాడు: "ఆ నడక ఓబయ్య ఒక్కడికేనా వచ్చేది?" ఓబయ్య సంకెళ్లు గల్లుమన్నాయి. "వద్దురా!" అన్నాడు. సూరన్న వినిపించుకోలేదు. నల్లరాయెక్కి, "కాదు! నాకూ వచ్చు. నేను తరగతిలో అందరి మధ్యా కూర్చుని ఉన్నాను. కాబట్టి నడక ఒక్కటే చూసి మనిషిని తేల్చలేం. నేను చూసింది వేషాన్ని, మా అయ్యను కాదు!" అన్నాడు.

కొలువు హర్షధ్వానాలతో దద్దరిల్లింది. మహానందుడు చెయ్యెత్తి ఆపాడు. "బాగుంది. నీకు వచ్చు, నీ తండ్రికి వచ్చు. సాక్షీ, నువ్వింకా ఆ రాతి మీదే ఉన్నావు. ఇంకెవరికి వచ్చు?"

అయ్యో సూరన్నా! అంతవరకు ఆలోచించాడా? గెలిచాననే సంబరంలో లేదే! కింద చూస్తే తండ్రి వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆ క్షణాన సూరన్నకు మజ్జిగ ఎవరిచ్చారో అర్థమైంది. కానీ చెయ్యి దీపం మీద ఉంది. ఆ రాతి మీద అబద్ధమాడితే అప్పటిదాకా చెప్పినదంతా కొట్టుకుపోతుంది.

"మా అన్న ఈరన్నకు," అన్నాడు. "చిన్నప్పుడే ఇల్లు విడిచి మాంత్రికుడు కరాళకేతు వెంట పోయాడు."

కరాళకేతు పేరు వినగానే సభ ఉలిక్కిపడింది. ఆ మాంత్రికుడు పల్లెలను తగలబెట్టగా కళ్లారా చూసి బతికి బయటపడ్డవాడు విశ్వంభరాచార్యులు ఒక్కడే. రాబోయే పున్నమికి ఇదే నల్లరాతి మీద నిలబడి ఆయన ఆ సంగతి చెప్పవలసి ఉంది. ఇక చెప్పేవాడు లేడు.

"పున్నమి లోపల ఈరన్నను తెచ్చి ఈ రాతి మీద నిలబెట్టు," అన్నాడు మహానందుడు. "నేరం అతనిదని తేలితే కొరత అతనికి. అతన్ని తీసుకురాలేకపోతే నీ తండ్రికి."

చెరసాలకు తీసుకుపోతుంటే సూరన్న అడ్డం పోయి తండ్రి కాళ్ల మీద పడ్డాడు. ఓబయ్య సంకెళ్ల చేతులతోనే కొడుకును లేవదీశాడు.

"ఆ మాట ఎందుకు అడిగితివిరా? నేను ఒక్కణ్ణీ పోతే అయిపోవు గదా! ఎన్నేండ్లకో వచ్చి అయ్యా అన్నాడు. మజ్జిగ చేతికిచ్చినాడు. విషమిచ్చినా తాగేటోణ్ణే. వాణ్ణి తేవద్దు నాయనా. నీ కాళ్లు మొక్కుతా."

తేకపోతే తండ్రి, తెస్తే అన్న! ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. సూరన్న తండ్రి రంగులపెట్టె చంకన పెట్టుకుని, ఆచార్యుల గుర్రమెక్కి పడమటికి దౌడు తీశాడు.

ధూమవేణి నది ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. పడవవాళ్లు మొత్తుకుంటున్నా వినక గుర్రాన్ని నీళ్లలోకి దూకించాడు. నడి ఏట్లో మొసలి గుర్రం కాలు పట్టింది. సూరన్న మొలలోని కత్తి దూసి దాని కంట్లో పొడిచాడు. అది వదిలిందిగాని, గుర్రం నెత్తురోడుతూ అవతలి ఒడ్డు చేరి కూలిపోయింది. గురువుగారి ఆఖరి గుర్తు కూడా పోయిందని దాని మెడ నిమిరి, కళ్లనీళ్లు తుడుచుకుని నడక సాగించాడు. ముళ్లడవి చీల్చుకుంటూ, దావానలం తప్పించుకుంటూ, ఎలుగుబంట్లకు అందకుండా చెట్లెక్కుతూ దిగుతూ కరాళకేతు ఉండే కాటుకకోన చేరాడు.

కోన గుహకు అటూ ఇటూ రెండు రాతిసింహాలున్నాయి. కొత్తవాడి అడుగు పడితే అవి ప్రాణం పోసుకుని చీల్చేస్తాయని లోకమంతటికీ తెలుసు. సూరన్న సెలయేటి నీళ్లలో ముఖం చూసుకుంటూ నల్లరంగు, ఎర్రరంగు పూసుకున్నాడు. తలపాగాలో నెమలీకలు చెక్కాడు. ఎడమ భుజం తిప్పి, కొంగనడక నడుస్తూ వాటి మధ్యగా వెళ్లాడు. సింహాలు గుర్రుమని, ఆ నడక చూసి, మళ్లీ రాళ్లయ్యాయి. పాపం, అవి కూడా నడకను చూసి మనిషిని తేల్చేవే!

గుహలోపల వేయి నాగమణులు దీపాల్లా వెలుగుతున్నాయి. గోడలంతా పచ్చలు, వైడూర్యాలు. స్ఫటికపు మంటపాలు, బంగారు లతలు ఎటు చూసినా కళ్లు చెదిరే వైభవమే. ఆ వైభవం నడుమ అడుగు తెలియని పాడుబావి ఒకటి నోరు తెరుచుకుని ఉంది. దాని గట్టు మీద రంగు ముఖంతో ఒక మనిషి మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా!" అన్నాడు సూరన్న.

ఈరన్న ఉలిక్కిపడి లేచాడు. అద్దంలో చూసుకున్నట్టు ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత అన్న ఒక్క ఉదుటున వచ్చి తమ్ముణ్ణి కావలించుకున్నాడు.

"సూరిగా! ఎంత పెద్దోడివైనావురా! అయ్య ఎట్లున్నాడు? మజ్జిగ మత్తు దిగిపోయిందా? లేచి ఇంటికి పోయినాడా?"

"సంకెళ్లలో ఉన్నాడు. ఆచార్యులను చంపాడని కొరత వేస్తామంటున్నారు."

ఈరన్న మొదలు నరికిన చెట్టులా కూలబడ్డాడు. "అయ్యనా? నేను చేసినానురా, నేను! పొడవకపోతే అయ్యను రాయిగా మారుస్తానని ఈ కరాళకేతు నా మెడ మీద కూర్చున్నాడు. ఆటనుకుని అందరూ నవ్వుతారు, వేషగాడెవరో ఎవరికీ తెలీదన్నాడు. మొగానికి రంగుంటే ఎవరు గుర్తుపడతారనుకున్నా. అయ్య పేరు చెప్పిందెవరురా? ఏ పాపిష్టి నోరు చెప్పింది?"

"నా నోరే," అన్నాడు సూరన్న.

ఈరన్న చేత్తో నెత్తి కొట్టుకున్నాడు. "నాతో రా అన్నా," అన్నాడు సూరన్న. "నల్లరాతి మీద నిలబడి జరిగింది చెప్పు. అయ్య నిన్ను తేవద్దన్నాడు. అయినా వచ్చాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలియలేదు."

ఈరన్న నోరు తెరిచేలోపల గుహ కంపించింది. కపాలమాలలు గలగలలాడిస్తూ, ఎర్రటి జడలు నేల మీద ఈడుస్తూ కరాళకేతు వచ్చి నిలిచాడు. ఇద్దరు ఈరన్నలను చూసి వాడి బొమలు ముడిపడ్డాయి. మంత్రాలు ఎన్ని తెలిసినా, రంగు వెనక ఎవరున్నారో చెప్పే మంత్రం వాడి దగ్గర లేదు.

"నా మనిషి ఎవడురా మీలో? రెండోవాడికి ఈ బావే గతి!" అని గర్జించాడు.

సూరన్న మాట కూడదీసుకునేలోపలే ఈరన్న చెయ్యి చాచి అతన్ని చూపించాడు. "వాడే నీ ఈరన్న దొరా. నేను వాడి తమ్ముణ్ణి. తామ్రగిరి నుంచి వాణ్ణి పట్టుకపోను వచ్చినా."

"కాదు!" అని సూరన్న అరిచాడు. అప్పటికే మాంత్రికుడి దండం ఈరన్న రొమ్మును తాకింది. అతను వెనక్కి ఒరిగి బావిలో పడ్డాడు. సూరన్న ఎగిరి గట్టు మీద బోర్లా పడి, కిందికి జారిపోతున్న మణికట్టును దొరకబుచ్చుకున్నాడు. కింద చీకట్లోంచి పాముల బుసలు వినిపిస్తున్నాయి.

ఈరన్న గాలిలో వేలాడుతూ పైకి చూశాడు. కన్నీళ్లకు రంగు కరిగి, ఇన్నేళ్ల తర్వాత అన్న ముఖం తమ్ముడికి కనిపించింది.

"ఇడిసెయ్యి సూరిగా," అన్నాడు మెల్లగా. "నువ్వు నన్ను పైకి లాగేది కొరత ఎక్కించేదానికే గదా."

వెనక కరాళకేతు అడుగులు దగ్గరవుతున్నాయి. చెమటకు పట్టు జారిపోతోంది. సూరన్న ఏడుస్తూనే అన్నను పట్టుకోవడానికి రెండో చెయ్యి కూడా బావిలోకి చాచాడు.